నూనె ఎరుగని కరకర

కరకరలాడే చిరుతిండి అనగానే తెలుగువారి కళ్ళ ముందు మెదిలేది నూనె మూకుడు. సకినాలు, మురుకులు, కారప్పూస, చెగోడీలు, చెక్క గారెలు, ఏది చేయాలన్నా పొయ్యి మీద నూనె కాగాల్సిందే. దాంతో కరకరకు మూలం నూనేనని, కేలరీలు తగ్గాలంటే కరకర మీద ఆశ వదులుకోవాలని ఒక నమ్మకం పాతుకుపోయింది. ఈ వ్యాసం వాదన దానికి ఎదురు. తిండిలోంచి నీరు వెళ్ళిపోతే మిగిలేదే కరకర. ఆ నీటిని తరిమే పనిముట్లలో నూనె ఒకటి, అంతే. వేడి ఇసుక, ఉప్పు, ఉట్టి మూకుడు, బొగ్గుల సెగ, ఎండ కూడా అదే పని చేస్తాయి, పని కాగానే తప్పుకుంటాయి. నూనె ఒక్కటే పని చేసిన చోటే కాపురం పెడుతుంది. కాబట్టి ఇంట్లో తేలికైన చిరుతిండి చేయదలచినవారు నూనెలో పుట్టిన వంటకంలోంచి నూనెను ఎలా తీసేయాలా అని తంటాలు పడడం కంటే, మొదటి నుంచీ నూనె ఎరుగని వంటకాల వైపు చూడడం మేలు. అవి మన ఇళ్ళకు కొత్తవేమీ కావు.

ముందుగా ‘తక్కువ కేలరీలు’ అన్న మాట సంగతి తేల్చుకోవాలి. చట్టం లెక్కన చూస్తే ఇక్కడ చెప్పబోయే ఎండు తిళ్ళలో ఒక్కటీ ఆ పేరుకు తగదు. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఘనపదార్థం 100 గ్రాములకు 40 కిలో కేలరీలు మించకపోతేనే ప్యాకెట్ మీద ఆ మాట వేసుకోవచ్చు. కీరదోస 13 దగ్గరే ఆగుతుంది కనుక సునాయాసంగా నెగ్గుతుంది. ఎండు గింజ దేనికీ ఆ యోగం లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాలుగా అచ్చువేస్తూ వచ్చిన ఆహార విలువల పట్టికలో మురమురాలకు 325, మక్కలకు 342, అటుకులకు 346, జొన్నలకు 349, పుట్నాలకు 369, పల్లీలకు 567 అని ఉంటుంది. కారణం సులువుగానే తెలుస్తుంది. పిండిపదార్థం, మాంసకృత్తులు గ్రాముకు 4 కిలో కేలరీలు ఇస్తాయి, కొవ్వు 9 ఇస్తుంది, నీరు ఏమీ ఇవ్వదు. నీరు పోగొట్టిన తిండి ఏదైనా తూకంలో మూడు వందల పైచిలుకు నుంచే మొదలవుతుంది. కానీ చిరుతిండిని ఎవరూ తూచుకుని తినరు, గిన్నెలో పోసుకుని తింటారు. పావు లీటరు గిన్నె నిండా నూనె లేకుండా పేల్చిన మక్క పేలాలు పోస్తే 8 గ్రాములు తూగుతాయి, 30 కిలో కేలరీలకు కాస్త అటూ ఇటూ. అదే గిన్నెడు మురమురాలు 50 దాటవు. అదే గిన్నెడు పల్లీలు 800 పైమాటే. మొదటి రెంటిలో గిన్నెను నింపింది గాలి. ‘తేలిక’ అన్న తెలుగు మాట బరువుకూ అరుగుదలకూ కలిపే వాడతాం. ఈ సందర్భంలో తక్కువ కేలరీలు అనడం కంటే అదే సరైన మాట.

కరకర కూడా ఒక్క రకం కాదు. కీరదోసను కొరికితే కసుక్కుమంటుంది. దాని కణాల నిండా నీరు బిగిసి ఉంటుంది, పన్ను పడగానే గోడలు పగులుతాయి. ముల్లంగి, పచ్చిమామిడి ఇదే బాపతు. నీరు పోతే వడలిపోతాయి. అప్పడం సంగతి దీనికి తలకిందులు. నీరు ఉన్నంతసేపు తోలులా వంగుతుంది, పోతే పటుక్కున విరుగుతుంది. గింజలోని పిండిపదార్థం తడిగా ఉన్నప్పుడు సాగుతుంది; తడి ఆరి చల్లబడ్డాక గాజులా బిరుసెక్కుతుంది. ఆ గాజు గోడల నడుమ గాలి గదులు ఉంటే నమిలినప్పుడు ఒక్కో గోడా ఒక్కో చిన్న చప్పుడుతో కూలుతుంది. మనం కరకర అనేది ఆ చప్పుళ్ళ వరుసనే. గదులు ఏర్పడకుండా పిండి ఆరిపోతే మిగిలేది గట్టి బిళ్ళ, పళ్ళకు పరీక్ష. అంటే నీరు పోవడం ఒక్కటే చాలదు, పోతూ పోతూ గదులు కట్టి పోవాలి. వంటింటి నైపుణ్యమంతా ఈ రెండో షరతులోనే ఉంది. చప్పుడు వట్టి అలంకారం కాదనడానికి 2004లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాంపీని, స్పెన్స్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగం ఉంది. ఆలుగడ్డ చిప్స్ కొరుకుతున్నవారికి వారి నమిలే చప్పుడునే హెడ్‌ఫోన్లలో పెంచి వినిపిస్తే, అవే చిప్స్ మరింత కరకరగా, తాజాగా ఉన్నాయన్నారు. నోట్లోది మారలేదు, చెవిలోది మారింది. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 2008లో దీనికి దక్కింది. నవ్వు సంగతి ఎలా ఉన్నా, చిరుతిండిలో మనం ఆశించే తృప్తిలో పెద్ద వాటా ఈ చప్పుడుదే, దానికి కేలరీలు లేవు.

ఇక నూనె ఏం చేస్తుందో చూడాలి. 170, 180 డిగ్రీల నూనెలో మురుకు పడగానే చుట్టూ బుసబుసమని బుడగలు లేస్తాయి. అవి పిండిలోంచి ఎగదన్నుకొస్తున్న ఆవిరి. ఆవిరి బయటికి తోస్తున్నంతసేపు నూనెకు లోపల చోటు దొరకదు. బుడగలు సద్దుమణిగి, చిల్లుల గంటెతో మురుకును పైకి తీసినప్పుడు అసలు కథ మొదలవుతుంది. లోపలి ఆవిరి చల్లబడి కుంచించుకుపోతుంది, ఖాళీ అయిన గదులు పైన అంటుకున్న నూనెను లోపలికి పీల్చుకుంటాయి. నూనెలో ఎక్కువ భాగం తిండిలోకి చేరేది పొయ్యి మీద కాదు, జల్లెడ గిన్నెలో. వేడివేడిగా ఉండగానే నూనె ఒడిచి, కాగితం మీద పరిచే అలవాటు వెనుక ఉన్న తర్కం ఇదే. చల్లారాక కాగితం వేసి లాభం లేదు. పలచన వస్తువుకు బరువుతో పోలిస్తే ఒళ్ళు ఎక్కువ, కాబట్టి నూనె కూడా ఎక్కువే పడుతుంది. ఆలుగడ్డలో ముప్పాతిక పాళ్ళు నీరే. చిప్స్‌గా మారేసరికి ఆ నీరు పోయి, మొత్తం బరువులో మూడో వంతు దాకా నూనె చేరుతుంది. బియ్యప్పిండి మురుకుల లెక్క చూద్దాం. 100 గ్రాముల పిండి 30 గ్రాముల నూనె పీల్చిందనుకుంటే, పిండి తాలూకు 345కు నూనె తాలూకు 270 కలుస్తుంది. పిండిలో వేసిన వాము, నువ్వులు, కారం ఎవరి కంటికైనా కనిపిస్తాయి. ఈ 270 కనిపించదు.

నూనె రాజ్యమేలక ముందు ఈ పని చేసింది మంగలం. ఈ మాట ఇప్పుడు వంటిళ్ళలో కంటే నిఘంటువుల్లోనే ఎక్కువ వినిపిస్తుంది. గింజలు వేయించడానికి వాడే ఓటికుండ అని అర్థం. అందులో ఇసుక పోసి కాచి గింజలు వేస్తే, ఇసుక ప్రతి గింజనూ అన్ని వైపుల నుంచీ కమ్ముకుని ఒకేలా వేడెక్కిస్తుంది. చేసే పనిలో నూనెకూ దీనికీ తేడా లేదు. జల్లెడ పట్టగానే ఇసుక కిందికి పోతుంది, నూనె అలా పోదు. మురమురాల బట్టీలు నేటికీ ఈ సూత్రం మీదే నడుస్తాయి. ఇంట్లో ఇసుక బదులు రాళ్ళ ఉప్పు వాడుకోవచ్చు. మందపాటి మూకుడులో ఉప్పు చిటపటలాడడం ఆగేదాకా కాచి గింజలు వేయాలి. అదే ఉప్పు ఎన్నిసార్లయినా పనికొస్తుంది. తెలంగాణలో ఈ విద్యకు పండుగ గుర్తింపు కూడా ఉంది. వానలు మొదలయ్యే ఆషాఢ మాసంలో, శుద్ధ ఏకాదశి నాడు వచ్చే తొలి ఏకాదశికి జొన్న పేలాలు చేసి, దంచి, బెల్లం కలిపి పేలపిండి తింటారు. ఏడాది పండుగల వరుసను మొదలుపెట్టే తిండిలో నూనె చుక్క కూడా లేకపోవడం గమనించదగ్గ విషయం.

జొన్న పేలడం ఒక చిన్న ఆవిరి యంత్రం పని. గింజ లోపలి తేమ వేడికి ఆవిరై పొట్టును తోస్తుంది. పొట్టు గట్టిగా ఉండి కాసేపు ఆపగలిగితే ఒత్తిడి పెరిగి, ఒక్కసారిగా పగిలినప్పుడు మెత్తబడిన పిండి నురగలా ఉబ్బి అక్కడికక్కడే గడ్డకడుతుంది. పొట్టు చీలి ఉంటే ఆవిరి సన్నగా జారిపోయి గింజ మాడుతుంది. ఏడాది నిల్వ ఉన్న జొన్న సరిగా పేలకపోవడానికి కారణం లోపలి తేమ తగ్గిపోవడమే. అందుకే గుండ్రంగా, గట్టిగా ఉన్న గింజలను ఏరి, చెయ్యి తడిచేసుకుని నీళ్ళు చిలకరించి, రెండు మూడు గంటలు గుడ్డలో మూటకట్టి ఉంచాలి. ఇనప మూకుడు బాగా కాలాక ఒక్క గుప్పెడు గింజలే వేయాలి. ఎక్కువ వేస్తే మూకుడు చల్లబడి, గింజలు పేలడం మాని వేగడం మొదలుపెడతాయి. మడిచిన మందపాటి గుడ్డతో గింజలను మూకుడుకు అదిమి తిప్పుతుంటే, అర నిమిషంలో గుడ్డ కింద టపటపలు మొదలై వేళ్ళకు తగులుతాయి. చప్పుడు పలచబడగానే దించేయాలి. చాటలో చెరిగితే తెల్లని పేలాలు ముందుకు దూకుతాయి, పేలని ముడిగింజలు వెనక మిగులుతాయి. వాటిని పారేయనక్కర్లేదు, వేగినవే కనుక పేలపిండిలోకి దంచుకోవచ్చు. 25 గ్రాముల జొన్నలు 90 కిలో కేలరీలు దాటవు, పేలాక గిన్నె నిండుతాయి.

నిజామాబాద్ జిల్లా మెండోర వంటి చోట ఇది మరీ సులువుగా ఉండాలి. 2016లో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు బాల్కొండ నుంచి విడివడి మండలమైన ఈ ప్రాంతంలోనే పోచంపాడు ఉంది; 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరామసాగర్ ప్రాజెక్టు అక్కడిదే. మక్క, పసుపు, ఎర్రజొన్న, వరి ఈ చుట్టుపక్కల తెలియని పంటలు కావు. కానీ చేనులో గింజ ఉన్నంత మాత్రాన మూకుడులోకి చేరిపోదు. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతపు ఎర్రజొన్న ప్రధానంగా పశుగ్రాసం విత్తనం. ఉత్తరాది రాష్ట్రాల పశువుల మేత కోసం పండుతుంది. దాని ధర కోసం, పసుపు ధర కోసం 2019లో రైతులు రోడ్డెక్కారు. ఆ ఏడాది నిజామాబాద్ లోక్‌సభ ఎన్నికలో రైతులే పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేయడంతో 185 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. ఇంత రాజకీయం నడిపిన గింజ ఇక్కడి చిరుతిండి గిన్నెలో లేకపోవడం వింతే. విత్తన వ్యాపారం ఉన్న ఊళ్ళకు ఒక హెచ్చరిక మాత్రం తప్పదు. మందు పూసి రంగు కలిపిన విత్తనాన్ని, ఎంత కడిగినా, తిండికి వాడకూడదు. పేలాలకు తిండి గింజగా అమ్మే తెల్ల జొన్ననే కొనాలి.

మక్క విషయంలోనూ ఇలాంటి పేచీయే ఉంది. ఈ జిల్లా పొలాల్లో మామూలుగా పండే మక్క కోళ్ళ దాణాకూ స్టార్చ్ మిల్లులకూ పోయే రకం. గింజ మధ్యలో మెత్తని పిండి ఉంటుంది, పొట్టు ఆవిరిని ఆపలేదు. వేయిస్తే పగిలి గట్టిపడుతుంది తప్ప పువ్వులా విచ్చుకోదు. పేలాల మక్క వేరే రకం. చిన్న గింజ, దాదాపు అంతా గాజులాంటి గట్టి పిండి, బిగుతైన పొట్టు, నూటికి 13, 14 పాళ్ళ తేమ. 180 డిగ్రీల దగ్గర లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి తొమ్మిది రెట్లయ్యాక అది పేలుతుంది. కాబట్టి మక్క చేల నడుమ ఉన్న ఇంట్లో కూడా పేలాల గింజలు దుకాణం నుంచే రావాలి. అది చిన్నతనమేమీ కాదు, కిలో గింజలు చాలాకాలం వస్తాయి. మూత ఉన్న మందపాటి గిన్నెను వేడిచేసి, అడుగున ఒక వరుస గింజలు పరిచి, మూత కొద్దిగా వారగా పెట్టి కదుపుతూ ఉంటే చాలు. మూత బిగిస్తే ఆవిరి లోపలే తిరిగి పేలాలు మెత్తబడతాయి. 25 గ్రాముల గింజలు మూడు గిన్నెల పేలాలవుతాయి, 95 కిలో కేలరీలు. ఇక్కడ రెండు చెంచాల నూనె వేస్తే ఇంకో 80 చేరి లెక్క దాదాపు రెట్టింపవుతుంది. అంకాపూర్ వైపు పేరున్న కాల్చిన మక్క కంకి మంచి తిండే. లేత మక్క 100 గ్రాములకు 125 మాత్రమే. అది కరకరలాడదు, నములుడు తిండి. ఉడకబెట్టి తాలింపు వేసే గుడాలూ అంతే.

ఇంటి వాడకంలో అన్నిటికంటే అక్కరకొచ్చేది చుడువ. కోస్తావారు అటుకుల మిక్స్చర్ అనేది దీన్నే. పలచని అటుకులను నూనెలో వేసి పొంగించడం ఒక పద్ధతి, ఉట్టి మూకుడులో వేయించడం రెండో పద్ధతి. రెండో దానికి ఓపిక కావాలి. అటుకులను ముందు ఒక గంట ఎండలో పోయాలి, లేదంటే సన్నని సెగ మీద ఏడెనిమిది నిమిషాలు తిప్పాలి. సెగ పెంచితే అంచులు ముడుచుకుని లోపల తడి మిగులుతుంది. రెండు అటుకులు తీసి వేళ్ళ మధ్య నలిపితే సాగకుండా పొడి అయిపోవాలి, అదే గుర్తు. తర్వాత వేరే గిన్నెలో రెండు చెంచాల నూనె కాచి ఆవాలు, పచ్చిమిర్చి, దంచిన ఎల్లిపాయ, కల్యామాకు వేసి, ఆకు గలగలమనేదాకా ఉంచాలి. పచ్చిమిర్చిలో, ఆకులో తడి మిగిలితే మొత్తం చుడువ రెండో రోజుకే మెత్తబడుతుంది. నిజామాబాద్‌లో పసుపు గురించి చెప్పేదేముంది, 2025లో జాతీయ పసుపు బోర్డే అక్కడికి వచ్చింది, చిటికెడు చాలు. పొయ్యి ఆపి అటుకులు, ఉప్పు కలపాలి. 100 గ్రాముల అటుకులు, 25 గ్రాముల పుట్నాలు, 25 గ్రాముల పల్లీలు, రెండు చెంచాల నూనె కలిస్తే 660 కిలో కేలరీలు. అందులోంచి 25 గ్రాముల గుప్పెడుకు 103. అటుకులను నూనెలో పొంగించి ఉంటే, 30 గ్రాములు పీల్చినా ఇంకో 270 కలిసేది. అయితే చాలామంది చేసే పొరపాటు వేరే చోట ఉంది. నూనె తగ్గించాం కదా అని పల్లీలను 25 నుంచి 100 గ్రాములకు పెంచితే చేరేది 425, అంటే తప్పించుకున్న నూనె కంటే ఎక్కువ. పల్లీలో 40 శాతం నూనే. అది చెడ్డ తిండి కాదు, కానీ గింజ రూపంలో ఉన్న నూనె అని గుర్తుపెట్టుకోవాలి. బరువుగా, కరకరగా, మాంసకృత్తులతో కావాలంటే పుట్నాలు ఉన్నాయి; వాటిలో మాంసకృత్తులు 22 శాతం పైనే, కొవ్వు పల్లీలతో పోలిస్తే చాలా తక్కువ.

వేయించే పిండివంటలకు బదులు ఏమైనా ఉందా అన్నది తర్వాతి ప్రశ్న. ఇక్కడ 2010లో బజారుకొచ్చిన ఎయిర్ ఫ్రయ్యర్ పేరు తప్పక వినిపిస్తుంది. పేరులో వేపుడు ఉన్నా అది గాలిని జోరుగా తిప్పే చిన్న ఓవెన్. ముందే ఎండి ఉన్న వస్తువుల మీద అది బాగా పనిచేస్తుంది: అప్పడాలు, సగ్గుబియ్యం వడియాలు కొన్ని, ఉడికించి ఆరబెట్టిన శనగలు. అప్పడానికి ఆ యంత్రం కూడా అక్కర్లేదు, బొగ్గుల మీదో గ్యాస్ మంట మీద జాలీ పెట్టో కాల్చడం ఎప్పటి నుంచో ఉన్నదే. తడి పిండి ఒత్తి పెడితే మాత్రం యంత్రం చేతులెత్తేస్తుంది. నూనె వేడిని క్షణాల్లో అందిస్తుంది కాబట్టి ఆవిరి ఒక్కసారిగా పొంగి గదులు కడుతుంది. గాలి నెమ్మది, నీరు మెల్లగా జారిపోయి పిండి గట్టిబిళ్ళగా ఆరుతుంది. నీరు పోయింది, గదులు రాలేదు. అందుకే ఓవెన్‌లో కాల్చిన సకినాలు సకినాల్లా ఉండవు. ఆ ప్రయత్నమే వద్దనుకోవడం మంచిది. సంక్రాంతికి సకినాలను నూనెలోనే చేసుకుని, మిగతా రోజులకు వేరే తిండి చూసుకోవాలి. నడిమి దారి కావాలంటే సర్వపిండి ఉంది. బియ్యప్పిండి, నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు, అంటే దాదాపు చెక్క గారెల పిండే. దాన్ని గారెలుగా ఒత్తితే మూకుడు నిండా నూనె కావాలి, గిన్నె అడుగున పలచగా అద్ది చిల్లులు పెట్టి కాలిస్తే రెండు చెంచాలు చాలు. తేలిక అనలేం, గారె కంటే తేలిక.

తీపి విషయంలో బోధన్ చెరకు సీమకు కాస్త మొహమాటం లేకుండా చెప్పాలి. 1930ల చివర శక్కర్‌నగర్‌లో మొదలై ఒకనాడు ఆసియాలోనే పెద్దదని పేరుపొందిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది గానీ, చెరకు రుచి మూతపడలేదు. పేలాలకు, పుట్నాలకు పాకం పట్టి ముద్దలు చేస్తే కరకర ఇంకా పెరుగుతుంది. పాకం కూడా ఆరాక గాజే కదా. కానీ 100 గ్రాముల పేలాలకు 100 గ్రాముల బెల్లం అంటే 349కు 383 చేరినట్టు. పైగా పాకం గాలి గదులను అణిచేసి ముద్దను చిన్నది చేస్తుంది. కంటికి కొంచెమే, లెక్కకు రెట్టింపు. బెల్లం చక్కెర కంటే మంచిదన్న వాదన కేలరీల లెక్కలో నిలవదు.

ఇదంతా చదివినవారు లేవదీసే అభ్యంతరాల్లో బలమైనది, పేలాలు ఆకలి తీర్చవన్నది. గాలి తిని కడుపు నిండుతుందా, రెట్టింపు తినేస్తారు కదా అంటారు. దీని మీద 2007లో ఒక అమెరికన్ అధ్యయనం వచ్చింది. ఒకే చిరుతిండిని ఎక్కువ గాలితో, తక్కువ గాలితో చేసి రెండు వేర్వేరు రోజుల్లో పెడితే, గాలి ఎక్కువున్నది తిన్న రోజు జనం పరిమాణంలో ఎక్కువ తిన్నారు, కేలరీల్లో ఐదో వంతు తక్కువ తిన్నారు. అంటే అభ్యంతరం సగం నిజం: జనం ఎక్కువే తింటారు, కానీ తేడా పూడ్చేంత తినరు. అయినా అది కొద్ది గంటల లెక్క. భోజనానికి బదులుగా పేలాలు నిలబడవు, నిలబడాలని ఎవరూ అనడమూ లేదు.

రెండో అభ్యంతరం చక్కెర జబ్బుది, దీనికి సగం ఒప్పుకోక తప్పదు. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ఒకటి 2023లో దేశంలో 10 కోట్ల పైచిలుకు మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది. గింజ ఉబ్బినప్పుడు అందులోని పిండిపదార్థం విచ్చుకుని త్వరగా అరుగుతుంది, రక్తంలో చక్కెరను వేగంగా పెంచుతుంది. మురమురాలు ఈ విషయంలో మంచి పేరున్నవి కావు. కాబట్టి మధుమేహం ఉన్నవారు తేలిక తిండి అనగానే మురమురాల డబ్బా ముందు పెట్టుకోవడం పొరపాటు. వారికి పుట్నాలు, వేయించిన శనగలు, పొట్టుతో ఉండే జొన్న, మక్క పేలాలు కొద్దిగా, పక్కన కీరదోస, ఉల్లిపాయ నయం. ఒక్కటే జవాబు అందరికీ సరిపోదు. కేలరీ ఒక కొలత, అన్ని జబ్బులకూ అది తాళంచెవి కాదు.

రుచి సంగతి చిన్నదేమీ కాదు. పరిమళాల్లో చాలా వరకు నూనెలో కరిగేవే, నూనె లేకపోతే ఎల్లిపాయ, మిర్చి వాసన నోట్లో నిలవదు. పేలాల మీద చల్లిన కారం గిన్నె అడుగుకు జారిపోతుంది. ఇది తీరే ఇబ్బందే. ఉప్పును మెత్తగా నూరితే అంటుకుంటుంది, గరుకు ఉప్పు అంటదు. మెత్తటి ఉప్పు నాలుక మీద త్వరగా కరుగుతుంది కనుక తక్కువతోనే సరిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినమంటున్నప్పుడు ఇది రెండు విధాలా మంచిది. లేదా ఉప్పు, కారం ఒక చెంచా నీళ్ళలో కలిపి వేడి మూకుడులోని పేలాల మీద చిలకరించి వెంటనే కలియబెడితే, నీరు ఆవిరై రుచి అక్కడే నిలుస్తుంది. అదీ చాలదంటే 100 గ్రాములకు రెండు చెంచాల నూనె తాలింపు వేసుకోవచ్చు. నూనెను రుచికి వాడడం వేరు, నీటిని తరమడానికి వాడడం వేరు. మొదటి దానికి చెంచా చాలు, రెండో దానికి మూకుడు కావాలి.

పొడి వేడిలోనూ ప్రమాదం లేకపోలేదు. పిండిపదార్థాలను 120 డిగ్రీలు దాటించి ఎర్రబారేలా వేయిస్తే హానికరమన్న అనుమానం ఉన్న ఆక్రిలమైడ్ అనే రసాయనం పుడుతుందని 2002లో స్వీడన్ పరిశోధకులు బయటపెట్టారు. అది నూనెలోనే కాదు, ఓవెన్‌లోనూ, మూకుడులోనూ పుడుతుంది. లేత బంగారు రంగు దగ్గర దించేయడం, ఆలుగడ్డ ముక్కలను ముందు నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టడం మందు. పేలాలు తెల్లగా ఉండాలన్న పాత పట్టింపు ఇక్కడా పనికొస్తుంది. ఇక ఇంత శ్రమ ఎందుకు, ప్యాకెట్ కొనుక్కోవచ్చు కదా అన్న మాటకు ఎక్కువ జవాబు అక్కర్లేదు. చుడువకు పట్టేది అరగంట, ప్యాకెట్ వెనక అచ్చువేసిన కొవ్వు అంకె చదవడానికి పట్టేది అర నిమిషం.

చివరి చిక్కు నిల్వది. నీరు పోతే వచ్చిన కరకర నీరు తిరిగి రాగానే పోతుంది, పైగా నూనె పూత లేని పేలాలకూ అటుకులకూ గాలిలో తేమ త్వరగా అంటుతుంది. కరకర తిళ్ళలో తేమ రెండు మూడు శాతం ఉన్నంతవరకే వాటి గుణం. అది ఏడెనిమిదికి చేరేసరికి గాజు మళ్ళీ తోలవుతుంది. రాయలసీమవారు దీన్నే వంటగా మార్చి, బొరుగులను కావాలని నీళ్ళలో ముంచి పిండి ఉగ్గాని చేస్తారు. మిగతావారికి మాత్రం వానాకాలం కష్టకాలం. వేడి తగ్గకుండా డబ్బాలో పోస్తే లోపలి ఆవిరే మూతకు చెమటపట్టి కిందికి కారుతుంది, పూర్తిగా చల్లార్చాక పోయాలి. పెద్ద డబ్బా ఒకటి రోజూ తెరిచే కంటే చిన్న స్టీలు డబ్బాలు నాలుగు మేలు. అయినా మెత్తబడితే పారేయనక్కర్లేదు. మెత్తబడ్డ సకినాన్ని మళ్ళీ నూనెలో వేయలేం. చుడువను మాత్రం ఉట్టి మూకుడులో పోసి, సన్నని సెగ మీద రెండు నిమిషాలు తిప్పి, పళ్ళెంలో పరిచి చల్లారనిస్తే మొదటి రోజు చప్పుడు తిరిగి వస్తుంది.